కుడి చెవి సంచి, ఎడమ చెవి సంచి

చిట్యాలలో ఎవరినైనా ఆపి కొమురవ్వ ఇల్లెక్కడ అని అడిగితే కాసేపు తల గోక్కుంటారు. నేషనలక్క ఇల్లు అంటే మాత్రం చెయ్యి చాపి చూపిస్తారు. ఆమె భర్త ముత్తయ్య పదకొండు రాష్ట్రాల గొర్రెకాపరుల సమాఖ్యకు జాతీయ అధ్యక్షుడు. ఆయన్ని మాత్రం ఊరంతా ఇప్పటికీ ముత్తన్న అనే పిలుస్తుంది. పదవి ఆయనది, పేరు ఈమెకు అంటుకుంది.

నేను వాళ్ల పక్కింటిదాన్ని, రజనిని. జాకెట్లు కుడతాను. ఇరవై ఏళ్లుగా కొమురవ్వ జాకెట్లన్నీ నా చేతి మీదుగానే పోయాయి కాబట్టి ఆమె ఎప్పుడు చిక్కిందో, ఎప్పుడు ఒళ్లు చేసిందో, ఏ సభకు కొత్త జాకెట్ కావాలందో, ఏ సభకు పాతది చాలందో నా దగ్గర లెక్క ఉంటుంది. జాతీయ నాయకుడి భార్య గురించి పేపర్లవాళ్లకు ఇంత తెలియదు.

ముత్తయ్య నెలలో ఇరవై రోజులు ఢిల్లీలోనో రాజస్థాన్‌లోనో ఉంటాడు. ఆయన లేని రోజుల్లో ఆ ఇంటి అరుగు ఖాళీగా ఉండదు. గొర్రెలకు నోటిపుండ్లు వచ్చాయని ఒకరు, టీకాల బండి తమ ఊరికి రాలేదని ఒకరు, కాటారం వైపు అడివి అంచున మేకల్ని మేపనివ్వడం లేదని ఒకరు వస్తారు. కొమురవ్వ అందరికీ చాయ పోస్తుంది, అందరి మాటా వింటుంది. తర్వాత ఫోన్ తీసి పశువుల దవాఖానకు చేస్తుంది.

"డాక్టర్ సారూ, నేను ముత్తన్న ఇంట్ల నుంచి మాట్లాడుతున్న. టీకాల బండి గిటు దిక్కు రాక నెలైంది. జర పంపుండ్రి. పంపకుంటే ఈళ్లందరు గీడనే అన్నం తింటమంటున్నరు సారూ, నా బియ్యమొడిసేటట్టున్నయ్."

బండి వచ్చేది. ముత్తయ్య రాసిన వినతిపత్రాలకన్నా ఆమె బియ్యం గోడే త్వరగా పనిచేసేదని ఆ డాక్టరే ఒకసారి నాతో అన్నాడు.

ఆమె పుట్టింది జనగామ పక్కన ఒక చిన్న పల్లెలో. పదిహేడో ఏట ముత్తయ్యను చేసుకుని చిట్యాల వచ్చింది. వస్తూ వస్తూ తండ్రి ఇచ్చిన పన్నెండు గొర్రెల్ని తోలుకొచ్చింది. అత్తగారి మంద గొర్రెలకు ఎడమ చెవికి గాటు ఉండేది. ఈమె తండ్రి ఇచ్చినవాటికి కుడి చెవికి. రెండు మందలూ కలిసి మేసి సాయంత్రం ఇంటికొస్తే చెవి చూసి విడదీసేవాళ్లు. "కుడి చెవి నాది, ఎడమ చెవి అత్తగారిది," అని ఇప్పటికీ చెబుతుంది. ఆ లెక్క ఆమెకు ఎంత ఒంటబట్టిందంటే, ఇంట్లో డబ్బాలకు కూడా చెవులు వెతుకుతుంది.

ఇరవై ఏళ్ల కిందట ఒక వానాకాలం నీలినాలుక రోగం వచ్చి ఈ చుట్టుపక్కల మందలకు మందలు పోయాయి. అడిగే దిక్కు లేదు. అప్పుడు ముత్తయ్యా, మొగుళ్లపల్లి సాయిలూ భుజాన గొంగళ్లు వేసుకుని ఊరూరూ నడిచి కాపరుల సంఘం పెట్టారు. నడిచింది వాళ్లిద్దరైతే, వాళ్లకు రొట్టెలు మూటగట్టింది వాళ్ల భార్యలు కొమురవ్వ, బుచ్చవ్వ. బుచ్చవ్వది కూడా కొమురవ్వ పుట్టిన పల్లే. వయసులో పదేళ్లు పెద్ద. అందుకే ఈమెకు ఆమె బుచ్చక్క, ఆమెకు ఈమె ఎప్పటికీ "కొమురీ".

సంఘం పెరిగి పక్క రాష్ట్రాల సంఘాలతో కలిసింది. ముత్తయ్యకు మాట ఉంది. మైకు దొరికితే రెండు గంటలు వదలడు. లేనిదల్లా పేర్ల జ్ఞాపకం. నిన్న కలిసిన మనిషిని ఇవాళ "ఏం తమ్మీ" అని తప్పించుకుంటాడు. అందుకని సభ ఏదైనా, వేదిక మీద చదవాల్సిన పేర్లన్నీ కొమురవ్వే కేలండర్ కాగితం వెనక పెన్సిల్‌తో రాసి ఆయన జేబులో పెడుతుంది. ఆమె చదివింది ఐదో తరగతి. అక్షరాలు గొర్రెపిల్లల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. కానీ ఒక్క పేరు తప్పిపోదు.

ఒకసారి ఢిల్లీ సభకు ఆమె కూడా వెళ్లింది. ముత్తయ్య మైకు పట్టుకుని, తానిప్పటికీ రోజూ తెల్లారి మందను తోలుకెళ్లే మామూలు కాపరినేనని గుండె మీద చెయ్యేసి చెప్పాడు. తర్వాత ఎవరో ఆడమనిషి కొమురవ్వ ముందు మైకు పెట్టి, మరి మీరేం చేస్తారమ్మా అని తెలుగులో అడిగింది.

"గొర్లు కాస్త. ఆయన తోలక తొమ్మిదేండ్లాయె. నేను తోలకపోతే ఎవలు తోలుతరు?"

అడిగినామె ఆ మాట హిందీలో చెప్పగానే సభంతా చప్పట్లు కొట్టింది. ముత్తయ్య కూడా కొట్టాడట, కొంచెం ఆలస్యంగా. ఆ ప్రయాణంలో తిరుగు రైలు వరంగల్ వచ్చేదాకా మొగుడూ పెళ్లాలు ఇద్దరూ కిటికీలోంచే చూశారని ఆమే నాకు చెప్పి నవ్వింది.

ఇక అసలు సంగతికొస్తాను.

నాలుగేళ్ల కిందట జనగామలో సమాఖ్య పెద్ద సభ పెట్టింది. సంఘాన్ని మొదలుపెట్టిన వాళ్లందరి పేర్లూ ముత్తయ్య వేదిక మీంచి చదివాడు. సాయిలు కొత్త రుమాలు చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పదిహేడు పేర్లు వచ్చాయి. సాయిలు పేరు రాలేదు. ఆయన లేచి, గొంగడి దులుపుకుని, మడిచి భుజాన వేసుకుని బస్టాండుకు నడిచాడు. ముత్తయ్య తర్వాత రెండుసార్లు మొగుళ్లపల్లి పోయాడు. ముందు తలుపులోంచి ముత్తయ్య పోతే వెనక తలుపులోంచి సాయిలు చేను వైపు పోయాడు. అలా మాటల్లేకుండానే మొన్న చలికాలం చివర్లో గుండె ఆగి చనిపోయాడు. ముత్తయ్య అప్పుడు రాజస్థాన్‌లో ఉన్నాడు. మట్టికి కొమురవ్వ ఒక్కతే వెళ్లింది. సాయిలు కొడుకు వేణు ఆమెను చూసి ముఖం తిప్పుకున్నాడు.

పదో రోజు దినానికి ముందు రోజు మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి రెండు చీరలు తెచ్చింది, ఫాల్ కుట్టమని. ఒకటి సన్న ఆకుపచ్చ అంచు తెల్ల నూలు చీర. అది బుచ్చవ్వకు. రెండోది ఎర్ర చీర, చేతెడు జరీ అంచు. అది మహబూబాబాద్ వైపు తండాల్లో సమాఖ్య పని చూసే తుల్సీబాయి కూతురి పెళ్లికి. దినం మర్నాడే పెళ్లి. మొగుళ్లపల్లి నుంచి అటే మహబూబాబాద్ వెళ్లాలని ఆమె ఏర్పాటు. ఇలాంటి వాటికి తోడు నేనే వెళ్తాను.

నేను సూదిలో దారం ఎక్కిస్తుంటే ఆమె అకస్మాత్తుగా అంది, "రజనీ, బుచ్చక్క చీర తీస్కుంటదంటవా?"

ఆ ప్రశ్న చిన్నది కాదు. మా వైపు భర్త పోయిన మనిషికి పదో రోజున తల్లిగారి చీర రావాలి. తెచ్చినవాళ్లు నలుగురి ముందు ఆ చీర మడత విప్పి ఆమె భుజాల మీద కప్పాలి. కప్పించుకుంటే బంధం ఉన్నట్టు. "ఆడ పెట్టిపో" అంటే ఇక ఆ గడప ఎక్కనవసరం లేదన్నట్టు. బుచ్చవ్వకు అన్నదమ్ములు లేరు. ఆ పల్లె తరఫున మిగిలింది కొమురవ్వే. బుచ్చవ్వ వద్దంటే, వేణు వెంట ఉన్న ఆ చుట్టుపక్కల కాపరులందరూ సంఘం నుంచి బయటికి పోతారు. అది ముత్తయ్య బాధ. కొమురవ్వ బాధ వేరే.

"గా పేరు ఆయన మర్చిపోలే రజనీ. నేనే రాయలే."

నా సూది ఆగిపోయింది.

"నేను మర్చిపోయిన్నా అంటే మర్చిపోలే. సాయిలు బావ ఇంటోడు. ఇంటోళ్ల పేరు ఎవలన్న కాగితం మీద రాస్తరా? బయటోళ్ల పేర్లు తప్పిపోతయని రాస్తం గని. ఆయన పేరు ఎట్లయినా నోట్లకెల్లి వస్తది అనుకున్న. ఈయన ఉన్నదున్నట్టు కాగితం సదివి కూసుండు."

"మరి నాలుగేళ్ల నుంచి ఈ మాట వాళ్లకు చెప్పలేదేం?"

"ఎట్ల చెప్పాలె? జాతీయ నాయకుడు పెండ్లాం రాసిచ్చిన కాగితం సదువుతడని ఊరంత తెలుస్తది. పరువు పోదా?"

ఊరంతా ఎప్పటినుంచో తెలుసునని నేను చెప్పలేదు. ఆమె ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

సాయంత్రం చీరలు ఇచ్చాను. ఇప్పుడు ఆమె సంచుల పద్ధతి చెప్పాలి. నాయకుడి భార్యకు పెళ్లీ దినమూ ఒకే వారంలో రావడం మామూలే. అందుకని గుడ్డ సంచిలో బట్టలు పెట్టి పట్టీలు రెండూ కలిపి ముడేస్తుంది. అప్పుడు సంచి పై మూలలు రెండూ గొర్రె చెవుల్లా లేస్తాయి. పాత గొంగడి అంచు నుంచి పీకిన నల్ల ఊలు పోగు ఒకదానికి కడుతుంది. శుభమైతే కుడి చెవికి, దినమైతే ఎడమ చెవికి. ఎన్నో ఏళ్లు నడిచింది ఈ పద్ధతి. ఎందుకంటే ఆమె చీరలు కొనే బట్టల కొట్టు సంచికి ఒకవైపు నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ, రెండోవైపు ఉత్త గుడ్డ ఉండేవి. బొమ్మ ఉన్న వైపు ముఖం. ముఖం ఉంటే కుడీ ఎడమా తెలుస్తాయి.

ఈసారి కొట్టువాళ్లు కొత్త సంచులు ఇచ్చారు. నవ్వే ఆడమనిషి రెండు వైపులా ఉంది.

ఆమె చూడలేదు. నేనూ చూడలేదు. సంచులు మోసుకెళ్లి కారులో పెట్టిన బాబామియా చూడాల్సిన పని అసలే లేదు. బాబామియా యాభై ఏళ్ల మనిషి, సొంత కారు నడుపుకుంటాడు. నేషనలక్క ఎక్కడికి వెళ్లినా అదే కారు.

దినం నాడు పదకొండు గంటలకు మొగుళ్లపల్లి చేరాం. ఇంటి ముందు షామియానా వేశారు. మగవాళ్లు ఒకవైపు కుర్చీల్లో, ఆడవాళ్లు లోపలి వాకిట్లో చాపల మీద కూర్చున్నారు. స్నానం చేయించి బుచ్చవ్వను పీట మీద కూర్చోబెట్టారు. గాజులు తీసేసిన ఆమె చేతులు చూసి నేను తల దించుకున్నాను. గుమ్మంలో వేణు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య సుమలత అత్త వెనక కూర్చుని వీపు నిమురుతోంది. మమ్మల్ని చూసి ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

కొమురవ్వ సంచి ఒళ్లో పెట్టుకుంది. నల్ల పోగు ఆమెకు ఎడమ చేతి వైపే ఉంది. ముడి విప్పింది. అప్పటికే కళ్లు నిండిపోయి ఆమెకు ఏమీ కనబడటం లేదు. లోపలికి చెయ్యి పెట్టి చీర లాగి, మడత విప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, "బుచ్చక్కా, తల్లిగారి చీరనే," అంటూ ఆమె భుజాల చుట్టూ కప్పింది.

ఎర్ర చీర.

చీర మడతలోంచి, పెళ్లికూతురికని పెట్టిన డజను ఎర్ర గాజులు కిందపడి ఒకటొకటిగా వాకిలంతా దొర్లాయి. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. ఒక గాజు సరిగ్గా వేణు కాళ్ల దగ్గరికి పోయి, కాసేపు గుండ్రంగా తిరిగి, పడుకుంది.

 కొమురవ్వ కళ్లు తెరిచింది. నా జీవితంలో ఒక మనిషి ముఖం అంత తెల్లబోవడం నేను చూడలేదు. నేను నేలలోకి కుంగిపోదామనుకున్నాను గానీ ఆ వాకిలికి గచ్చు గట్టిగా చేయించారు.

వేణు గాజు తీసి పట్టుకున్నాడు. "గిదేంది చిన్నమ్మా? పేరు సదవక బతికున్నప్పుడు ఇజ్జత్ తీస్తిరి. సచ్చి పదొద్దులైంది, ఇప్పుడు మా అవ్వకు ఎర్ర చీర, గాజులా? పరాచికమా?"

"కాదు బిడ్డా, కాదు. సంచి..." కొమురవ్వ ఖాళీ సంచిని ఎత్తి చూపించింది. "ఎడమ చెవికి కట్టిన. సూడు, పోగు. దినం సంచికి ఎడమ చెవి, పెండ్లి సంచికి కుడి చెవి..."

చెబుతూ చెబుతూ సంచిని అటు తిప్పింది. నవ్వే ఆడమనిషి. ఇటు తిప్పింది. మళ్లీ నవ్వే ఆడమనిషి. నల్ల పోగు ఒకసారి ఎడమకు వచ్చింది, ఒకసారి కుడికి పోయింది.

"అయ్యో, దీనికి రెండు దిక్కుల మొఖమే ఉన్నది గదనే!" అంది కొమురవ్వ, సంచితోనే మాట్లాడుతున్నట్టు.

మూలన కూర్చున్న ఒక ముసలావిడ ముక్కు మీద వేలేసుకుంది. "సంచికి చెవులేందే? గొర్రెనా?"

అప్పుడొక శబ్దం వచ్చింది. బుచ్చవ్వ ఏడుస్తోందనుకున్నాం. ఎర్ర చీరలో భుజాలు కదులుతున్నాయి. సుమలత కంగారుగా ముందుకు వంగి చూసింది. బుచ్చవ్వ నవ్వుతోంది. ఆపుకోవాలని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కొంగు కూడా ఎర్ర చీరదే.

"దినం నాడు నవ్వుడేందమ్మా!" అంది ముసలావిడ.

"నవ్వనియ్యి అత్తా," అని బుచ్చవ్వ కళ్లు తుడుచుకుంది. "మా ఆయన యాదికొచ్చిండు. పెండ్లయిన ఏడు కొమురెల్లి జాతరకు తీస్కపోయిండు. ఆడ అందరివీ ఎర్ర చీరలే, నేను తప్పిపోతనని నా కొంగుకు గిట్లనే నల్లూలు కట్టిండు. గుడి సుట్టు తిరిగొచ్చినంక గా పోగు సూసుకుంట ఎవలెంబడినో పడి బస్సు దాంక పోయిండు. ఆమె ఎనకకు మర్రి సూసి ఒక్కటే లొల్లి! ఆమె మొగడు గూడ ఆమెకు గట్లనే కట్టిండట. ఆయన గూడ గొల్లాయననే."

వాకిట్లో సగంమంది తలలు వంచుకున్నారు. వంచుకున్న తలలన్నీ ఊగుతున్నాయి. మగవాళ్ల వైపు నుంచి ఎవరో దగ్గుతున్నట్టు నవ్వారు.

ఆ నవ్వు సందులో కొమురవ్వకు ధైర్యం వచ్చిందో, ఇక పోవడానికి ఏమీ మిగల్లేదనుకుందో, బుచ్చవ్వ మోకాళ్లు పట్టుకుని గడగడా చెప్పేసింది.

"అక్కా, ఇంకొక్క మాట. జనగాంల బావ పేరు మీ మరిది మర్చిపోలే. నేనే రాయలే. పేర్లన్ని నేనే రాసిస్త, ఆయన సదువుతడు. బావ ఇంటోడని రాయలే. ఇంటోళ్ల పేరు రాస్తమా అక్కా? గంతే నా మతి. నాలుగేండ్ల సంది గీ ముద్ద మింగలేక సస్తున్న."

వేణు మగవాళ్ల వైపోసారి చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు. కోపం కొంత ఉంది గానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. "గీ మాట అప్పుడే చెప్తే అయిపోతుండె గద చిన్నమ్మా. నాయిన ఎంత కుమిలిండో ఎరికేనా?"

"సిగ్గైంది బిడ్డా. మీ చిన్నాయిన పెండ్లాం కాగితం సదువుతడని అందరికి తెలుస్తదని."

"అందరికి తెలుసు," అన్నాడు వేణు.

"ఆ?"

"మీటింగుల కాగితం మొఖం ముందల పట్టుకుంటే ఎనక కేలండర్ దేవుని బొమ్మ ముందలోళ్లకు కనవడతది. గిసొంటిది నీ ఇంట్ల తప్ప యాడ దొరుకుతది? మా నాయిన గూడ నవ్వెటోడు, మా కొమురవ్వ అక్షరాలు సదువనీకె ముత్తడు ఎంత తంటలు పడుతుండో అని."

కొమురవ్వ ఇన్నేళ్లు ఏ పరువు కోసం ఆ మాట దాచుకుందో, ఆ పరువు గుట్టు ఎప్పుడో బయటపడింది. నేను అప్పుడైనా "నాకూ తెలుసు" అనాల్సింది. అనలేదు. ఆమెతో ఇంకా రెండు వందల కిలోమీటర్లు ప్రయాణం ఉంది.

బుచ్చవ్వ భుజాల మీది జరీ అంచును వేళ్లతో తడుముతూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది, "ఇంటోడని రాయలే."

"అవునక్కా."

"గా మాట ఆయనుండంగ ఇంటే మస్తు కుషైతుండె." ఒకసారి ముక్కు ఎగబీల్చింది. "ఇగ ఏడ్వకు. నువ్వేడిస్తే నన్నెవలు ఓదారుస్తరు? తెల్ల చీర ఏదే?"

బాబామియా పరుగున కారు దగ్గరికి పోయాడు. రెండో సంచిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకుని తెచ్చి, గుమ్మం అవతలే ఆగిపోయాడు.

"అక్కా, నేనైతే ముట్టలే. ఇంట్ల నుంచి కార్ల వెట్టిన, గంతే. అల్లా కసం. గిది కుడి చెవా, ఎడమ చెవా నాకు తెల్వదు. విప్పి సూస్కోండ్రి."

ఈసారి విప్పింది నేను. తెల్ల చీరను రెండుసార్లు చూసి మరీ కొమురవ్వ చేతికిచ్చాను. ఆమె ఎర్ర చీరను తియ్యబోయింది. బుచ్చవ్వ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"తియ్యకు. మీదికెల్లి కప్పు."

"అక్కా, గిది పెండ్లిది..."

"తల్లిగారి చీరనని కప్పినవ్ గద. కప్పినంక తీస్కపోతరా? ఇయ్యాల తెల్లది కట్టుకుంట. ఏడాది ఎల్లినంకనో, అంతకు ముందుగాలనో, నాకు బుద్ధి పుట్టినప్పుడు గిది కట్టుకుంట. ఎవలన్న అడిగితే జాతీయ నాయకుని పెండ్లాం పెట్టిందని చెప్త. ఎవలొస్తరో అడగనీకె, సూస్త."

ముసలావిడ ఏదో అనబోయి మానేసింది. బుచ్చవ్వ గాజులన్నీ ఏరించింది. పదకొండే దొరికాయి. పన్నెండోది వేణు చేతిలో ఉంది.

"సుమలతా, చెయ్యి పట్టు," అంది. కోడలు తడబడుతూ చేతులు చాపింది. బుచ్చవ్వ తన బోసి చేతులతో ఒక్కో గాజూ ఎక్కించింది. చివరిది మిగిలింది. "ఇయ్యిరా," అంది కొడుకుతో. వేణు ముందుకొచ్చి ఇచ్చాడు. ఇచ్చి, అక్కడే నిలబడకుండా వంటల వైపు తిరిగి కేకేశాడు. "చిన్నమ్మోళ్లకు ఇస్తరాకులెయ్యండ్రి. పొద్దువోతుంది!"

కొమురవ్వ ఊపిరి వదిలింది. పక్కన కూర్చున్న నాకు ఆ గాలి తగిలింది.

అన్నాలు తిని కారెక్కేసరికి రాజస్థాన్ నుంచి ముత్తయ్య ఫోన్. కారులో అందరికీ వినిపించేంత గొంతు ఆయనది.

"కొమురీ, తీస్కున్నదా?"

"తీస్కున్నది."

"తీస్కున్నదా! అబ్బ, బతికించినవ్. ఏం చీర పెట్టినవ్?"

"రెండు పెట్టిన," అంది కొమురవ్వ. బాబామియా స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాడు. "మంచిగ జూసే పెట్టిన. నువ్వు పెట్టెయ్యి, రోమింగు."

రోమింగు చార్జీలు పోయి చాలా ఏళ్లయిందని ఆమెకు తెలుసు. జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడల్లా ఇంకా వాడుతుంది.

మహబూబాబాద్‌లో చీకటి పడకముందే దిగి ఇంకో ఎర్ర చీర కొన్నాం, గాజులతో సహా. కొట్టువాడు సంచిలో పెట్టబోతే కొమురవ్వ వద్దంది. కాగితంలో చుట్టించుకుంది. మర్నాడు పెళ్లిలో తుల్సీబాయి కాగితం విప్పుతూ, "అక్కా, ఏడికి పోయినా నీ సంచి ఉంటది గదా, ఈసారి ఏదీ?" అని అడిగింది. అంటే ఆమె సంచుల సంగతి అక్కడ కూడా తెలుసు. కొమురవ్వ నా వైపు చూసింది. నేను పెళ్లికూతురి జాకెట్ కుట్టు చూస్తున్నట్టు నటించాను. నిజం చెప్పాలంటే ఆ కుట్టు బాగోలేదు కూడా.

వానలు మొదలయ్యాక భూపాలపల్లిలో సమాఖ్య సభ జరిగింది. మొగుళ్లపల్లి నుంచి రెండు బస్సుల నిండా కాపరులు వచ్చారు. మొదటి బస్సులోంచి వేణు దిగాడు. అతని చెయ్యి పట్టుకుని బుచ్చవ్వ దిగింది. ఎర్ర చీర కట్టుకుంది. ఏడాది అవలేదు. నాలుగు నెలలే అయింది. బుద్ధి పుట్టినట్టుంది. ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. చూసినవాళ్లు చూశారు. అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ముత్తయ్య కాగితం తీశాడు. వెనక వినాయకుడు కనిపించాడు. ముందు వరసవాళ్లు ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు.

"సంఘం పెట్టినోళ్ల పేర్లు సదువుతున్న. మొదాలు మా అన్న, మొగుళ్లపల్లి సాయిలు."

చప్పట్లు చాలాసేపు ఆగలేదు. బుచ్చవ్వ కొట్టలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని వింది. తర్వాత మిగిలిన పేర్లు వచ్చాయి. ముత్తయ్య కాగితం మడిచి జేబులో పెట్టబోయాడు.

"తమ్మీ, ఒక్కటి తక్కువున్నది," అంది బుచ్చవ్వ ముందు వరసలోంచి.

ముత్తయ్యకు చెమట పట్టింది. కాగితం మళ్లీ తీశాడు, తిప్పాడు, వినాయకుణ్ణి కూడా చూశాడు. "అందరివి సదివిన గద వదినె."

"రాసినామె పేరు ఏదిరా?"

 వెనక వరసల్లోంచి నవ్వు మొదలై ముందుకొచ్చింది. ముత్తయ్య మైకు పట్టుకుని నిలబడ్డాడు. రెండు గంటలు ఆగకుండా మాట్లాడే మనిషికి మాట దొరకలేదు. చివరికి, కాగితం చూడకుండానే, "కొమురవ్వ," అన్నాడు. అని, మైకు సరిగ్గా పలకలేదేమోనని ఇంకోసారి అన్నాడు.

వేదిక పక్కన నా దగ్గరే నిలబడి ఉన్న కొమురవ్వ ముఖం మీద కొంగు కప్పుకుంది.

"రజనీ, కార్ల సంచులున్నయి. జర సూసొస్త," అని గబగబా బయటికి నడిచింది.

ఆ రోజు కారులో సంచులేమీ లేవు.